పిల్లెత్తు

ఒక పెద్ద అడవిలో, శుక్రవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి, బావురుపిల్లి కనకరత్నం తక్కెడలో ఎడమ పళ్లెం ఎక్కి తోక సర్దుకుని కూర్చుంది. ఏళ్ల తరబడి చేస్తున్న పనే. ఆమె ఉద్యోగమే కూర్చోవడం.

ఆ అడవిలో తూకపు రాళ్లు లేవు. పంచాయతీ ఏనాడో ‘ఒక పిల్లి బరువు ఒక పిల్లెత్తు’ అని తీర్మానించి, పిల్లినే పళ్లెంలో పెట్టింది. ప్రతి ఇల్లూ సోమవారం ఒక పిల్లెత్తు దుంపలు పంచాయతీ కొట్టుకి ఇవ్వాలి. శుక్రవారం ఒక పిల్లెత్తు తెచ్చుకోవాలి. ఇచ్చినవే మళ్లీ తెచ్చుకోవడం ఎందుకని అడిగితే, “పథకం” అనేవారు.

కనకరత్నం ఆదివారం కడుపు పగిలేలా తినేది. గురువారం మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. దాంతో సోమవారం పిల్లెత్తు ఎక్కువ, శుక్రవారం తక్కువ. ఆ తేడా దుంపలు కొట్టులో కుళ్లేవి. ఆమెకి దుంపలు పడవు. పక్కవాళ్ల మొహం వాడితే చాలు, ఆమెకి కడుపు నిండేది.

“మళ్లీ తగ్గిందే!” అంది కుందేలు పున్నమ్మ, కుడి పళ్లెం చూసి. “పదకొండుమంది పిల్లలు నాకు.”

“పదకొండే! ఒక్కొక్కరిదీ ఒక్కో పోలిక, ఎంత ముచ్చటో. మీ ఆయన పోలిక ఎవరికొచ్చిందే?”

“నా పిల్లల సంగతి నీకెందుకు? తిండి మానేసి కూర్చుంటున్నావు. డొక్కలు లెక్కపెట్టొచ్చు.”

“అది ఉపవాసం పున్నమ్మా. అందరికీ భక్తి ఉండదుగా.”

పున్నమ్మ తిన్నగా పంచాయతీ ప్రెసిడెంటు దగ్గరికెళ్లింది. ప్రెసిడెంటు దంతులయ్య ఏనుగు. ఆలోచించడానికి వారం పట్టింది.

“కనకరత్నానికి రిటైర్మెంటు ఇస్తున్నాం,” అని సభలో ప్రకటించాడు. “వచ్చే వారం ఆమెని ఆఖరిసారి కూర్చోబెట్టి, అంత బరువు రాయి చెక్కిస్తాం. ఇక అన్నీ ఆ రాయితోనే.”

కనకరత్నం గోళ్లు అరిగిపోయాయి. వేట మరిచిపోయింది. ఇకమీదట పింఛనే ఆధారం. అయినా ఆమెకి తోచింది ఒకటే: ఆ రాయి ఎంత చిన్నదైతే ఈ అడవి తరతరాలపాటు అంత పస్తుంటుంది.

వారం రోజులు ఏమీ తినలేదు. ఆఖరి తూకం నాడు ఇద్దరు పట్టుకుని ఆమెని పళ్లెంలోకి ఎక్కించారు. వడ్రంగిపిట్ట తనకి చెక్కపని తప్ప రాదని మొత్తుకుంటూనే రాయి చెక్కింది. కొబ్బరికాయంత అయింది.

“ఇక నీ మునిమనవళ్లూ ఇంతే తింటారు,” అంది కనకరత్నం నీరసంగా.

సోమవారం పున్నమ్మ ఆ రాయికి సరిపడా రెండే దుంపలు తూచి ఇచ్చి, మిగతావి ఇంట్లోనే పెట్టుకుంది. అందరూ అదే చేశారు. అడవిలో పిల్లల బుగ్గలు నిండాయి.

“సోమవారమూ ఈ రాయేనా?” కనకరత్నం అదిరిపడింది.

“అన్నీ అన్నారుగా అమ్మా,” అంది పున్నమ్మ.

నిజమే. పింఛను కూడా. వారానికి ఒక పిల్లెత్తు చేపలు. రెండు పూటలకే అయిపోయాయి.

కనకరత్నం దంతులయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన అప్పటికే మండిపడుతున్నాడు. ఆయన భత్యం నలభై పిల్లెత్తుల చెరకు. కొత్త రాయితో తూస్తే సగం కూడా రాలేదు.

“రాయి మార్చండి బాబూ.”

“ఎలా మారుస్తాను? తీర్మానంలో ‘పిల్లి’ అని ఉంది. తీర్మానం మార్చలేను. కావాలంటే పిల్లిని మార్చగలను.”

నిండు పిల్లెత్తు మోసుకొస్తూ నడుం పట్టుకున్న పున్నమ్మ కనకరత్నం కళ్లముందు కదిలింది. ఆకలి మరిచిపోయింది.

“మా మేనల్లుడున్నాడండి,” అంది. “మా జాతే. కాస్త ఒళ్లున్నవాడు.”

పులి ఒప్పుకుంది. ఒక్కటే షరతు: తూకానికి వచ్చేవాళ్లు గుహలోకి ఒక్కొక్కరే రావాలి. నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గట.

సోమవారం గుహ ముందు బారులు తీరారు. పింఛనుదారులని ముందు పంపుతారు కాబట్టి కనకరత్నం అందరికంటే ముందుంది. మీసాలు దువ్వుకుని, వెనక్కి తిరిగి పున్నమ్మని చూసింది.

“ఆ బుట్ట చాలదేమోనే!” అని నవ్వుతూ లోపలికెళ్లింది.

పున్నమ్మ మధ్యాహ్నందాకా నిలబడింది. లోపలికెళ్లినవాళ్లు బయటికి రావడం కనబడలేదు. పిల్లలు ఎదురుచూస్తుంటారని ఇంటికెళ్లిపోయింది.

కొన్ని రోజుల తర్వాత దంతులయ్య ఫిర్యాదుల పెట్టె తెరిపించాడు. తక్కువ తూచారని గానీ, ఎక్కువ తూచారని గానీ ఒక్క ఫిర్యాదూ లేదు. పంచాయతీ చరిత్రలో అదే మొదటిసారని పులికి సన్మానం ప్రకటించారు.

ఆ అడవిలో తల్లులు పిల్లలకి ఇప్పుడు ఒక్కటే నేర్పుతున్నారు: ఫిర్యాదులే లేని ఆఫీసుకి ఒంటరిగా వెళ్లకండి.