పదిమంది లోపు పరిశోధన

ప్రభుత్వ పరిశోధన కాంట్రాక్టుల్లో కొన్నిటిని చిన్న సంస్థలకే కేటాయించాలన్న నిబంధన ఒకటుంది చూశారూ, మనిషి బుర్రలో పుట్టిన వాటిలో అంతకంటే గొప్పది ఇంకోటి లేదు! చక్రం, నిప్పు, ప్రెషర్ కుక్కర్, అన్నీ దాని తర్వాతే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నేను మాత్రం వెనక్కి తగ్గను.

ఈ నిబంధనను ఆడిపోసుకునేవాళ్ళు వీధికొకరు తయారయ్యారు. చిన్నవాళ్ళ పేరు చెప్పి పెద్దవాళ్ళే తన్నుకుపోతున్నారని వాళ్ళ ఏడుపు. అయ్యా, పెద్దవాళ్ళను చిన్నవాళ్ళుగా మార్చడం ఇంతవరకూ ఎవరి తరమైంది? తల్లి చెప్పినా, గురువు చెప్పినా, డాక్టరు బెదిరించినా అంగుళం తగ్గని మనుషులు ఒక్క అప్లికేషన్ ఫారం చూసి ఒదిగి కూర్చుంటున్నారు. ఇంతకంటే ఏం కావాలి మీకు?

మా అక్కావాళ్ళ వీధి చివర తొమ్మిదంతస్తుల అద్దాల మేడ ఉంది. మొన్నటిదాకా దాని నెత్తిన లారీ అంత బోర్డు ఉండేది. ఇప్పుడు లేదు. బోర్డు దించేసి, లోపల నలభై గదులకు నలభై చిన్న చిన్న బోర్డులు తగిలించారు. ఒక్కో గదీ ఒక్కో చిన్న సంస్థ. ఎవరి గదిలో వారు పదిమంది లోపే ఉంటారు. అందరికీ కలిపి ఒకే లిఫ్టు, ఒకే క్యాంటీను, ఒకే ఛైర్మన్!

పొద్దున మూడో గదిలో పరిశోధకుడిగా ఉన్నాయన మధ్యాహ్నానికి నాలుగో గదిలోకి వెళ్ళి తనకు తానే పోటీ టెండరు వేస్తాడు. ఓడిపోతే బాధపడడు. పక్క గదిలోకి వెళ్ళి గెలిచినందుకు తనకు తానే షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటాడు. ఇంతటి క్రీడాస్ఫూర్తి మీరు ఏ మైదానంలో చూశారు?

ఈమధ్య సైజు తగ్గించే కన్సల్టెంట్లు కూడా వెలిశారని విన్నాను. పెద్ద సంస్థ వెళ్ళి వాళ్ళ ముందు నిలబడితే, దర్జీ గుడ్డ కొలిచినట్టు కొలిచి, ఎన్ని ముక్కలు చెయ్యాలో, ఏ ముక్కకు ఎవరి మరదలిని డైరెక్టరుగా పెట్టాలో చెబుతారట. ఆ కన్సల్టెంట్ల ఆఫీసు మాత్రం చాలా పెద్దదట.

ఇక అసలు చిన్నవాళ్ళ సంగతి. నాకు తెలిసిన అసలు సిసలు చిన్నవాడు మా బావ.

బావ వర్క్‌షాపు ఒకే గది. షట్టరు సగం దాకా లేచి అక్కడే బిగుసుకుపోతుంది కాబట్టి, లోపలికి ఎంతటివాడైనా వంగే రావాలి. సంస్థలో ముగ్గురు. బావ, అక్క, పంపు తాత. తాత ముప్పై ఏళ్ళు నీటి సరఫరా శాఖలో పంపుల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. ఇప్పటికీ శాఖవాళ్ళు పిలిస్తే వెళ్ళి, రోడ్డు మీద ఇనపకడ్డీ ఆనించి, దాని కొసకు చెవి పెట్టి, "ఇక్కడ తవ్వండి" అంటాడు. తవ్వితే అక్కడే పైపు చిల్లుపడి ఉంటుంది.

తాత చెవికి తెలిసిందంతా ఒక పెట్టెలోకి ఎక్కించాలన్నది మా బావ పిచ్చి. కడ్డీకి మైకు కట్టి, మైకుకు పెట్టె తగిలించి, పెట్టెకు హెడ్‌ఫోన్లు పెట్టి ఏడేళ్ళుగా దానితోనే కాపురం చేస్తున్నాడు. అక్క పక్కన కూర్చుని తాత చెప్పే చప్పుళ్ళన్నీ నోటుబుక్కుల్లో రాస్తుంది. సన్న చిల్లయితే 'సుయ్‌య్'. జాయింటు వదిలితే 'బుస్సు బుస్సు'. పైన లారీ పోతే 'గుర్రు', దీన్ని నమ్మకూడదు. ఇలాంటివి పద్నాలుగు పుస్తకాలున్నాయి. ప్రపంచంలో పైపులతో ఇంత చనువున్న ఆడమనిషి మా అక్క ఒక్కతే అనుకుంటాను.

ఇంతలో తాతకు చెవి మందగించడం మొదలైంది. మొన్నామధ్య ఆయన చూపించిన చోట నడుంలోతు తవ్వినా చుక్క తడి కనబడలేదు. తాత ఆ గుంట గట్టున కూర్చుని, కడ్డీ కొసను తుడిచి తుడిచి మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు. పెట్టె చెప్పింది ఒప్పో తప్పో తేల్చాల్సింది ఆ చెవే కాబట్టి, అది పూర్తిగా మూసుకుపోయేలోపు పెట్టెను ఊళ్ళో అసలు పైపుల మీద పరీక్షించాలి. అనుమతి లేకుండా రోడ్డు తవ్వి ప్రభుత్వ పైపును ముట్టుకోకూడదు. అనుమతి రావాలంటే కాంట్రాక్టు రావాలి.

వచ్చింది ప్రకటన! పైపుల లీకేజీని శబ్దంతో పట్టుకునే పరిశోధన, చిన్న సంస్థలకు మాత్రమే, సిబ్బంది పదిమందికి మించకూడదు. చదివి వినిపిస్తే బావ లేచి నిలబడి షట్టరుకు తల కొట్టుకున్నాడు. ఆనందంలో ఆ దెబ్బ తెలియలేదు.

ఫారం నింపే బాధ్యత నేను మీదేసుకున్నాను. ఇంటికో రచయిత ఉండేది ఇందుకేగా. 'ఈ పరిశోధనలో ఏ ఫలితం తేలుతుంది?' అని ఒక ప్రశ్న ఉంది. బావ పెన్ను లాక్కుని 'తెలియదు, తెలిస్తే పరిశోధన ఎందుకు?' అని రాశాడు. నేను కొట్టేసి 'నూటికి నూరు పాళ్ళు విజయం' అని రాశాను. ఆయన అది కొట్టేసి మళ్ళీ తెలియదనే రాశాడు. అలా గడిలో చోటంతా అయిపోయి, చివరికి తెలియకపోవడమే మిగిలింది.

తర్వాత స్థల పరిశీలనకు ఆఫీసరు వస్తున్నట్టు కబురొచ్చింది. అసలు కథ ఇక్కడుంది. అసలు తప్పు కూడా ఇక్కడే ఉంది.

"ముగ్గురే ఉంటే ఏం బాగుంటుందిరా? వచ్చినాయన ఏమనుకుంటాడు?" అంది అక్క.

"ఏమనుకుంటాడు! వీళ్ళకే దిక్కులేదు, వీళ్ళేం పరిశోధన చేస్తారు అనుకుంటాడు. పదిమంది దాకా ఉండొచ్చని వాళ్ళే రాశారుగా. సరిగ్గా పదిమందిని చూపిద్దాం. చిన్నవాళ్ళలో కాస్త పెద్దగా కనబడతాం" అన్నాను నేను.

"అబద్ధం కదా?" అన్నాడు బావ.

"ఇంటికి పెద్దమనిషి వస్తుంటే పరుపు మీద కొత్త దుప్పటి వెయ్యమా? అదీ అబద్ధమేనా?" అన్నాను. మా వైపు మనుషులకు పరువు మాటెత్తితే ఇక ఆలోచన ఆగిపోతుంది. బావ కుర్చీలు అరువు తేవడానికి వెళ్ళాడు.

పిలవగానే ఏడుగురు చుట్టాలు వచ్చారు. పిన్ని తెల్లకోటు తొడుక్కుని మైక్రోమీటరును తలకిందులుగా పట్టుకుంది. బాబాయి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కరెంటు వైరు పెట్టలేదన్న సంగతి ఆయన గమనించలేదు. పెద్దత్తయ్యకు హెడ్‌ఫోన్లు పెట్టబోతే జడ చెదురుతుందని ఒప్పుకోలేదు. వాటిని బల్ల మీదే పెట్టేశాం. ముగ్గురూ ఏడుగురూ పది. లెక్క సరిపోయింది.

ఆఫీసరుగారు వంగి లోపలికి వచ్చారు. నెమ్మదైన మనిషి. అక్క ఇచ్చిన కాఫీ తాగి, జేబులోంచి పెన్ను తీసి, గాలిలో చుక్కలు పెడుతూ తలలు లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు... పది. ఆ పెన్ను అక్కడ ఆగితే ఈ వ్యాసమే ఉండేది కాదు. అది ఇంకాస్త జరిగి గుమ్మం దగ్గరికి వచ్చింది. గుమ్మం దగ్గర నేనున్నాను. నా పథకం ఎలా నడుస్తోందో చూసి పోదామని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను.

"తమరూ ఇక్కడేనాండీ?" అని అడిగారాయన.

కాదు, దారిన పోతున్నాను అంటే సరిపోయేది. ఒక్క ముక్క! కానీ అడిగింది ఆఫీసరు. చుట్టూ చుట్టాలు. పిన్ని నా వంకే చూస్తోంది.

"నేను లేకపోతే ఈ సంస్థే లేదండీ" అన్నాను, కాలరు సర్దుకుంటూ.

పెన్ను నా మీద చుక్క పెట్టింది. "పదకొండు. అబ్బో, మీది పెద్ద సంస్థేనండీ!" అన్నారు ఆఫీసరుగారు. మా బావ ఏడేళ్ళలో మొదటిసారి ఒక ప్రభుత్వోద్యోగి నోట మెప్పు విన్నాడు పాపం. మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి, "అంతా మీ దయ" అన్నాడు.

అదేరోజు అద్దాల మేడలోనూ పరిశీలన జరిగింది. అక్కడివాళ్ళ వినయం చూడాలి. లిఫ్టు పక్కన చీపుర్లు పెట్టుకునే గదిలో ఒక స్టూలు, దాని మీద ఒక మనిషి, పైన తిరగని ఫ్యాను. మిగతావాళ్ళందరికీ సెలవిచ్చేశారు. ఆఫీసరుగారి మనసు కరిగిపోయిందట. ఏ ఫలితం తేలుతుందన్న ప్రశ్నకు వాళ్ళు 'తేలింది' అని రాశారు. మొదలుపెట్టకముందే పూర్తి చేసిన ఆ వేగాన్ని మెచ్చుకోకుండా ఎలా ఉండగలం?

నెలకు ఉత్తరం వచ్చింది. 'తమరు పెద్ద సంస్థ అయినందున అనర్హులు.'

నాతో కలిపి ఎనిమిదిమందీ చుట్టాలేనని రాసిద్దామన్నాను. రాస్తే ఆఫీసరును మోసం చేసినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇంకే కాంట్రాక్టూ రాదు. ఒప్పుకోకపోతే పెద్దవాళ్ళుగా ఉండిపోవాలి. సగం లేచిన షట్టరు కింద, ఇద్దరు మనుషులు, ఒక ముసలాయన, పెద్దవాళ్ళుగా ఉండిపోయారు.

మా అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు గుమ్మం దాకా రాకుండా ఉంటే సరిపోయేదిరా" అని మాత్రం అంది.

ఇప్పుడు చెప్పండి, అయినా ఈ నిబంధన గొప్పదని నేనెందుకు అంటున్నానో! ఎందుకంటే దానికి అసలు పరిశోధన ఎవరిదో కూడా తెలుసు. పదిహేను రోజులు తిరక్కముందే అద్దాల మేడ మేనేజరు బావ వర్క్‌షాపుకు వచ్చాడు. బాగా వంగి వచ్చాడు.

"మాకు కాంట్రాక్టు వచ్చింది గానీ సార్, పైపు చప్పుడు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలీదు. మీ పెట్టె, మేడమ్‌గారి నోటుబుక్కులు, పెద్దాయన, మాకు కావాలి. పని మీరే చెయ్యండి. జీతం ఇస్తాం. పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు."

"ఎందుకుండవు?" అంది అక్క.

"రిజిస్టర్లో ఇప్పటికే తొమ్మిదిమందిమి ఉన్నాం మేడమ్. మిమ్మల్ని ముగ్గుర్నీ రాస్తే పన్నెండవుతాం. అప్పుడు మేం చిన్నవాళ్ళం కాకుండా పోతాం."

అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపల అంటే గోడ వైపు. ఇంకో గది లేదుగా. బావ తాత వంక చూశాడు. తాతకు సగం వినబడినట్టు లేదు. బావ మేనేజరు వైపు తిరిగి, సరే అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏడేళ్ళ కష్టం బావా! ఊరికే ఇచ్చేస్తావా?"

"పైపులు ముట్టుకోనిస్తారు కదరా. తాత చెవి ఆగదుగా నాకోసం" అన్నాడు. అంతే.

మొన్న తెల్లవారుజామున రోడ్డు మీద పరీక్ష పెట్టారు. నేనూ వెళ్ళాను, ఈసారి ఎవరి లెక్కలోనూ పడకుండా దూరంగా నిలబడ్డాను. తాత హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన మొహం ఎలా విప్పారిందంటే, చాలాకాలానికి పాత స్నేహితుడి గొంతు విన్నట్టుంది. పెట్టె ఒక చోటు చూపించింది. తాత తలూపాడు. తవ్వారు. చెయ్యి దూరేంత పగులు, బుగ్గలా నీళ్ళు. అద్దాల మేడవాళ్ళు ఫొటోలు దిగారు. ఆఫీసరుగారు వచ్చి వాళ్ళకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆయన్ని చూస్తే కోపం వచ్చింది నాకు. ఆరోజు మా బల్ల మీద ఇవే హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కాఫీ తాగారు, తలలు లెక్కపెట్టారు, ఆ రెండు గిన్నెల్ని ఒక్కసారి చెవులకు పెట్టుకోవాలని ఆయనకు తోచలేదు.

అందరూ వెళ్ళిపోయాక తాత నా దగ్గరికి వచ్చాడు.

"బాబూ, కాగితాల్లో మా పేర్లు ఉండవటగా?"

"ఉండవు తాతా. ఉంటే పని ఆగిపోతుంది" అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"పోన్లే. పేరేం చేసుకుంటాను ఈ వయసులో." ఆ గుంట వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కటే అడుగుతాను. రేపెప్పుడైనా ఆ పెట్టె తప్పు చెప్పిందనుకో. ఎవర్ని అడగాలో వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఇంటికొచ్చి ఫారం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాను. సిబ్బంది సంఖ్య అడగడానికి ఆరు చోట్ల గడులున్నాయి. తాత అడిగింది ఎక్కడా లేదు.