మా వీధి ఆరోగ్య కేంద్రంలో అందరూ చుట్టాలే!

ఆసుపత్రికి అసలు శత్రువులు రోగులే! ఇన్ని శతాబ్దాలుగా వైద్యశాస్త్రం గ్రహించలేకపోయిన ఈ సత్యాన్ని మన శాసనసభ ఒక్క పూటలో, అదీ భోజన విరామానికి ముందే, గ్రహించేసింది.

పాఠకులు తొందరపడి నవ్వకూడదని మనవి. సామాజిక ఆరోగ్య కేంద్రాల నిధుల చట్టాన్ని నేను పీఠిక నుంచి అనుబంధాల దాకా చదివాను. ఇల్లు కదలని మనిషికి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది? దాని సారాంశం ఇది: ఏ కేంద్రానికి వచ్చే రోగుల సంఖ్య తగ్గుతుందో, ఆ కేంద్రానికి నిధులు పెరుగుతాయి. రోగులు తగ్గారంటే ఆరోగ్యం పెరిగినట్టే కదా! గడియారాన్ని ఆపేస్తే వయసు ఆగిపోతుందన్నంత నిర్దుష్టమైన తర్కం!

మా కిటికీకి సరిగ్గా ఎదురుగా అలాంటి కేంద్రం ఒకటుంది. చట్టానికి పూర్వం ఆ గేటు ముందు ఎంత అనాగరికమైన దృశ్యం! తెల్లారకముందే దగ్గులు, మూలుగులు, చంటిపిల్లల ఏడుపులు. ఇప్పుడో? ప్రశాంతత! వరండాలోని బెంచీని వాచ్‌మన్ బోర్లించి పెట్టాడు. కూర్చునే చోటు లేకపోతే నీరసం కూడా నిలబడలేక వెళ్ళిపోతుందని అతని సిద్ధాంతం.

డాక్టరుగారిని తప్పుపట్టకండి, పాపం ఉత్తముడు. ఆయన బాధల్లా మందుల గురించే. మందులు రావాలంటే రోగులు రాకూడదు. మందులు వచ్చాయి కదా అని రోగులు వస్తే, మళ్ళీ మందులు రావు. ఇంత సూక్ష్మమైన విషయాన్ని వైద్య కళాశాలలో ఎవరు బోధిస్తారు?

ఇక మా అక్క సంగతి. ఆమెకు పాత ఉబ్బసం. ఆయాసం ముదిరితే గుండెల్లోంచి సన్నటి ఈల వినిపిస్తుంది. ఆ కేంద్రంలోని ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని కాసేపు కూర్చుంటే గానీ మనిషి మనిషిలో పడదు. చట్టం వచ్చిన కొత్తలో ఒకనాడు, ఆమెకు నా భుజం ఆసరా ఇచ్చి, వీధి దాటించి తీసుకెళ్ళాను.

గుమ్మంలోనే నర్సమ్మ దిగాలుగా అడిగింది. "పేషెంటుగా వచ్చారా అమ్మా?"

అక్కకు ఊపిరికి కరువు గానీ మాటకు కాదు. "లేదే తల్లీ... నీ మొహం... చూసిపోదామనొచ్చా!"

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. "అలా అనండి పెద్దమ్మా! చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు లెక్కలోకి రారు. రండి, లోపలికి రండి!"

చట్టానికి ఇంతటి మానవీయ ఫలితం ఉంటుందని దాన్ని రాసినవారు సైతం ఊహించి ఉండరు! వారం తిరక్కుండానే ఊరంతా ఒకే కుటుంబమైపోయింది. ఎప్పుడూ చంకలో పాత ఎక్స్‌రే పెట్టుకుని తిరిగే మా వీధి బాబాయి నర్సమ్మకు నిజంగానే బాబాయి అయ్యాడు. ఒంటరి డాక్టరుగారికి మేనమామలు పుట్టుకొచ్చారు. గేటు దగ్గరి సంభాషణలు కిటికీలోంచి నా చెవిన పడుతూనే ఉండేవి.

"ఎవరు కావాలి?"

"మా మేనకోడలు. నర్సు."

"ఒంట్లో ఏమైనా బాగోలేదా?"

"ఛఛ, అదేం లేదు బాబూ. కాలు విరిగింది, అంతే. ఊరికే పలకరించి పోదామని."

అయితే మావాళ్ళు ఒక పొరపాటు చేశారు. అతిగా నెగ్గారు! రోగుల సంఖ్యను తగ్గించమని చట్టం అడిగితే, నర్సమ్మ దయ వల్ల అది సున్నా అయి కూర్చుంది.

అభినందించడానికి పై అధికారి స్వయంగా వచ్చారు. గదులన్నీ తిరిగి, ఆక్సిజన్ మిషన్ దగ్గర ఆగారు. కుర్చీలో మా అక్క ఉంది, ముక్కుకు గొట్టంతో. పక్కన నేనున్నాను.

"ఈవిడ?" అన్నారాయన.

డాక్టరుగారు నేల చూశారు. రోగి అంటే ఏడాది మందులు పోతాయి. "మా పెద్దమ్మండీ," అంది నర్సమ్మ. "చూసిపోదామని వచ్చింది."

"చాలా సంతోషం! కానీ రోగులే లేనిచోట ఈ మిషన్ దండగ కదా?" చట్టంలోని చివరి సెక్షన్ అదే చెబుతోంది: అవసరం లేనిచోటి పరికరాలను అవసరమున్న చోటికి తరలించాలి. అలా అంటూ ఆయనే ఎంతో మర్యాదగా అక్క ముక్కు నుంచి గొట్టం తీయించారు. అక్క ఏదో అనబోయింది. ఈల తప్ప మాట రాలేదు.

మిషన్ ఎక్కడికి వెళ్ళిందంటారా? రోగుల సంఖ్య ఏమాత్రం తగ్గని ఏకైక చోటికి, శాసనసభ ప్రాంగణంలోని డిస్పెన్సరీకి! ప్రజారోగ్యం గురించి గంటల తరబడి ప్రసంగించేవారికి ఆయాసం రాదా మరి? ఈ న్యాయాన్ని ఎవరు కాదనగలరు?

అందుకే ఎదురు కేంద్రానికి తప్ప ఎన్నడూ గడప దాటని నేను తంటాలు పడి సందర్శకుల గ్యాలరీకి రెండు పాసులు సంపాదించాను. రేపే ప్రయాణం. నిన్నటి నుంచి అక్క గోడకు చేరగిలబడే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు.

గ్యాలరీలో చప్పుడు చేయరాదని పాసు వెనుక అచ్చు వేశారు. అక్క నోరు విప్పదని హామీ ఇవ్వగలను. ఆమె గుండెల్లోని ఈలకు మాత్రం నేను పూచీ పడలేను. ఉపన్యాసం మధ్యలో గౌరవ సభ్యులెవరైనా తలెత్తి, ఎవరామె అని అడిగితే, జవాబు సిద్ధంగా ఉంది.

కంగారుపడకండి. రోగి కాదు. మీ పెద్దమ్మే, ఊరికే చూసిపోదామని వచ్చింది.