మూడో వరుస, మూడో గడి

ఆ ఉదయం బ్రాకెట్ అనే మనిషి చేయాల్సిన పనులు రెండే. ప్రొఫెసర్‌గారి లెక్కల పుస్తకంలో ఆఖరి అధ్యాయాన్ని ఆఫీసుకు పంపడం, భార్యను బస్టాండుకు ట్యాక్సీ ఎక్కించడం. రెండూ చేశాడు. సరిగ్గా చేశాననే అనుకున్నాడు పాపం.

అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. లెక్కల పుస్తకాలు కంపోజ్ చేసే ఆఫీసులో అతనికి పెట్టిన పేరు ఇది. ఎంత పెద్ద మాట్రిక్స్ ఇచ్చినా దానికి రెండువైపులా బ్రాకెట్లు కొలిచి కుట్టినట్టు కూర్చోబెడతాడని అందరూ అలాగే పిలిచేవారు. ఒకసారి సెలవు చీటీ మీద తానే బ్రాకెట్ అని సంతకం పెట్టేశాడు. సెలవు మంజూరైంది కూడా.

అతని భార్య తన ఆఫీసులో సెక్షన్ హెడ్ కావాలంటే పక్క ఊళ్ళో శిక్షణకు వెళ్ళిరావాలి. ఇదివరకు రెండుసార్లు పిలుపొచ్చింది, రెండుసార్లూ సగం దారిలోంచి వెనక్కి వచ్చేసింది. కారణం ఇంట్లో ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకరు బ్రాకెట్ తల్లి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఇంకొకరు భార్య తండ్రి, ఆడిటరుగా రిటైరయ్యాడు. ఒకే ఇల్లు, ఒకే పేపరు, ఒకే టీవీ, ఒకే వాలుకుర్చీ. మొదటిసారి పేపర్లో గళ్ళనుడికట్టును ఎవరు ముందు నింపేశారన్న దగ్గర మొదలైంది. రెండోసారి వాలుకుర్చీలో తువ్వాలు వేసి వెళ్ళడం కబ్జా కిందికి వస్తుందా రాదా అన్న దగ్గర తెగింది. అలాంటప్పుడల్లా ఇద్దరూ ఆమెకే ఫోన్ చేసేవారు.

"ఈసారి తప్పితే ఇక పిలవరట. ఇంటి నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందా, నేనక్కడ ఉండలేను, నా సంగతి నాకు తెలుసు. మీరు రోజంతా పట్టికలే కదా కొట్టేది! వీళ్ళిద్దరికీ కూడా ఒకటి కొట్టి ఫ్రిజ్ మీద అంటించండి" అంది భార్య, పెట్టె సర్దుతూ. ఆమె గొంతులో దిగులు విని బ్రాకెట్ మనసు చివుక్కుమంది. ఎలాగైనా ఆమెను సెక్షన్ హెడ్ చేసి తీరాలనుకున్నాడు.

ఎలాగూ ప్రొఫెసర్‌గారి అధ్యాయం తెరిచే ఉంది. అందులో మూడు వరుసలు, మూడు నిలువు గళ్ళ మాట్రిక్స్ ఒకటి ముచ్చటగా అమరింది. దాని కిందే ఇంటి పట్టిక కూడా కొట్టాడు. లెక్కలు కంపోజ్ చేసే పద్ధతిలోనే, గడికీ గడికీ మధ్య ఒక గుర్తు, వరుస చివర రెండు ఏటవాలు గీతలు. నిలువు గళ్ళు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. మొదటి వరుస తల్లిది: పేపరు, టీవీ, వాలుకుర్చీ. రెండో వరుస మామగారిది: వాలుకుర్చీ, పేపరు, టీవీ. మూడోది తనది: టీ, గిన్నెలు, నోరు మూసుకోవడం. పేర్లు, వేళలు రాయలేదు. ఏ వరుస ఎవరిదో, ఏ గడి ఏ పూటదో ముందే ఇద్దరికీ నోటితో చెప్పేశాడు.

ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. వరుస ముందు శాతం గుర్తు పెడితే అది ఫైల్లో ఉంటుంది గాని అచ్చులో కనిపించదు. ప్రొఫెసర్‌గారి మాట్రిక్స్‌కు శాతం గుర్తులు తగిలించి, ఇంటి పట్టికను ప్రింట్ చేయాలి. తర్వాత గుర్తుల్ని అటు నుంచి ఇటు మార్చి ఆఫీసుకు పంపాలి. సరిగ్గా అప్పుడే బయట ట్యాక్సీ హారన్ మోగింది. బ్రాకెట్ కంగారులో శాతం గుర్తుల్ని ఇంటి పట్టికకే తగిలించాడు. ప్రింటర్లోంచి బోర్లా వచ్చిన కాగితాన్ని చూడకుండానే పెద్దలిద్దరి ఎదుట ఫ్రిజ్ మీద అంటించి, పరుగున వచ్చి గుర్తులు అటువి ఇటు మార్చి ఫైలు పంపేసి, పెట్టె భుజాన వేసుకుని బయటికి ఉరికాడు.

అతను ఆఫీసుకు చేరి ఇంకా కుర్చీ వెచ్చబడకముందే తల్లి ఫోన్ చేసింది.

"ఒరేయ్ నాన్నా, మైనస్ ఒకటి టీ ఎలా తాగాలిరా?"

"మైనస్ టీ ఏంటమ్మా?"

"నువ్వు అంటించిందే. నా వరుసలో రెండు, మైనస్ ఒకటి, సున్నా. వంటింట్లో అంటించావంటే టీ గురించే కదా. పొద్దున రెండు కప్పులూ తాగేశా. మధ్యాహ్నం సంగతేంటో ముందే తెలుసుకుందామని."

ఫ్రిజ్ మీదికెక్కింది ప్రొఫెసర్‌గారి మాట్రిక్స్ అని బ్రాకెట్‌కు అప్పుడర్థమైంది. ఫోన్లో వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది.

"మీకు మధ్యాహ్నం కదా చెల్లెమ్మగారూ! నాకు పొద్దున్నే మైనస్ ఒకటి. ఆ కాగితం అంటించకముందే ఒక కప్పు తాగేశాను. ఇప్పుడు లెక్క తేలాలంటే రెండు కప్పులు వెనక్కివ్వాలి. ఎవరికివ్వాలి? ఎలా ఇవ్వాలి? రసీదు ఉంటుందా?"

"అమ్మా, అది మీది కాదు! పొరపాటున అంటించాను, పీకేయండి" అన్నాడు బ్రాకెట్.

తల్లి చేతిలోంచి ఫోన్ మామగారి చేతికి వెళ్ళింది. "అదేం కుదరదు అల్లుడుగారూ. మా ఇద్దరి ఎదుట అంటించిన కాగితం అది. ఇప్పుడు మారుస్తున్నారంటే మీ అమ్మగారు ఏదో చెవిలో వేశారన్నమాటే. ఇంకో సంగతి. వరుసలు కూడి చూశాను. ఆవిడ మొత్తం ఒకటి. మీ మొత్తం ఒకటి. నా మొత్తం సున్నా! ఈ ఇంట్లో నా విలువ సున్నా అని రాతపూర్వకంగా తెలిసింది. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పి నేను ఎటైనా వెళ్ళిపోతాను."

"మామయ్యగారూ, మీకు దణ్ణం పెడతా, అమ్మాయికి మాత్రం చేయకండి! ఒక్క నిమిషం ఆగండి" అని ఫోన్ చేత్తో మూసి తల ఎత్తాడు. ఎదురుగా ప్రొఫెసర్‌గారు నిలబడి ఉన్నారు. చేతిలో అచ్చు చూసుకునే ప్రూఫు పేజీ ఉంది. ఆయన పక్కన ఓనరు.

ఫ్రిజ్ మీద ఏముందో తెలిసింది కనుక ఆ పేజీలో ఏముందో బ్రాకెట్‌కు వేరే చెప్పనక్కర్లేదు. అందమైన పెద్ద బ్రాకెట్ల మధ్య పేపరు, టీవీ, వాలుకుర్చీ కొలువుదీరి ఉన్నాయి. కింద ప్రశ్న: పై మాత్రికను దానితోనే గుణింపుము.

"ఏంటండీ ఇది?" అన్నాడు ఓనరు బిత్తరపోయి.

ప్రొఫెసర్‌గారు తన పుస్తకంలో తనకు తెలియనిది ఉంటుందని ఎన్నడూ ఒప్పుకున్న మనిషి కాదు. ఒక్క క్షణం తడబడి, గొంతు సవరించుకున్నారు.

"ఏంటంటారేంటి? నిజజీవితానికి అన్వయం! ఎన్నాళ్ళని అంకెలతోనే చెప్తాం? నేనే రాశాను. ఏమయ్యా బ్రాకెట్, దీనికి జవాబు కూడా కొట్టు. మెట్లు మెట్లుగా రావాలి, సమానం గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి ఉండాలి."

ఉద్యోగం కావాలి కనుక బ్రాకెట్ కొట్టాడు. మొదటి గడికి పేపరు ఇంటూ పేపరు, ప్లస్ టీవీ ఇంటూ వాలుకుర్చీ, ప్లస్ వాలుకుర్చీ ఇంటూ టీ వచ్చింది. చివరి గడికి టీ ఇంటూ వాలుకుర్చీ, ప్లస్ గిన్నెలు ఇంటూ టీవీ, ప్లస్ నోరు మూసుకోవడం హోల్ స్క్వేర్ వచ్చింది. సమానం గుర్తులు మాత్రం గీత గీసినట్టు నిలబడ్డాయి.

"అద్భుతం" అన్నారు ప్రొఫెసర్‌గారు, కొంచెం భయంగా.

బల్ల మీద ఫోన్ ఇంకా అరుస్తోంది. "మైనస్ ఒకటి, రెండు, మైనస్ ఒకటి! ఇదా నా వరుస? ఇదా మర్యాద?"

ప్రొఫెసర్‌గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఆగు. అది నా మాట్రిక్స్!" అన్నారు గుసగుసగా. పేజీ చూశారు, బ్రాకెట్‌ను చూశారు, ఓనరును చూశారు. ఇప్పుడు నిజం చెబితే ఇందాక తను కోసింది కోత అని తేలిపోతుంది. గట్టిగా ఊపిరి పీల్చి ఫోన్ అందుకున్నారు.

"అయ్యా, నేను లెక్కల ప్రొఫెసర్ని. మీ వరుస ఎక్కడుంది?"

"మధ్యలో. సున్నా!"

"మధ్యవాడు అటూ ఇవ్వాలి, ఇటూ ఇవ్వాలి. అందుకే తనకేం మిగలదు. కాని మధ్య వరుస తీసేస్తే పై వరుసకీ కింది వరుసకీ సంబంధమే ఉండదు. మొత్తం నిలబడింది మీ మీదండీ. ఇచ్చేవాడికే సున్నా వస్తుంది."

ఈసారి మామగారి గొంతు మెత్తగా వినిపించింది. "విన్నారా చెల్లెమ్మగారూ? మొత్తం నా మీదే నిలబడిందట. ఇదిగో, నా వంతు టీ మీరు తీసుకోండి."

"మీరొక్కరేనా ఇచ్చేవాళ్ళు? నాకు మధ్యాహ్నం మైనస్ ఉంది, అప్పుడు చూపిస్తా నేనేంటో" అంది తల్లి గొంతు.

ప్రొఫెసర్‌గారు ఫోన్ పెట్టేసి బ్రాకెట్ చెవి దగ్గరికి వంగారు. "నాది మీ ఇంట్లో ఉంది. మీది నా పుస్తకంలో ఉంది. రెండూ పనిచేస్తున్నాయి. ఏదీ కదపకు" అని పేజీ మీద సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం బ్రాకెట్ ఇల్లు చేరేసరికి వంటింట్లో కప్పులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కరూ తాగడం లేదు, ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. వాలుకుర్చీ ఖాళీగా ఉంది, మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని. టీవీ దానంతటది మోగుతోంది. ఆ దృశ్యానికి అతని కళ్ళు చెమర్చాయి.

అంతలో తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పెట్టెతో సహా భార్య!

"ఏమైందండీ? ఎవరికేమైంది?" అంది వణికిపోతూ. "పొద్దున్నుంచీ ఇంటి నుంచి ఒక్క ఫోనైనా లేదు! అక్కడ బస్సు దిగాక కూడా రాలేదు. ఎవరో పోయి ఉంటారు, నాకు చెప్పడం లేదు అనుకున్నా. వెంటనే తిరుగు బస్సెక్కేశా."

ముగ్గురూ ఆమెను చూశారు, గడియారం చూశారు. శిక్షణ మర్నాడు ఉదయం మొదలవుతుంది. ఆఖరి బస్సు ఇంకా ఉంది. ముందుగా తేరుకున్నది పెద్దవాళ్ళే.

"నువ్వు వెళ్ళకపోతే మా ఇద్దరి మొహాలూ ఎక్కడ పెట్టుకుంటామమ్మాయ్? పద" అంటూ అత్తగారు పెట్టెకు ఒక పిడి పట్టుకుంది. "చెల్లెమ్మగారూ, అటు నేను పట్టుకుంటాను" అంటూ తండ్రి రెండో పిడి అందుకున్నాడు. ఆ ఇద్దరూ ఒక వస్తువును ఒకే దిక్కుకు లాగడం ఆ ఇంట్లో అదే మొదలు.

బస్సు కిటికీలోంచి భార్య బ్రాకెట్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఈ జన్మకు చూస్తాననుకోలేదండీ. అంతా ఆ పట్టిక మహిమేనా? అసలేం రాశారండీ అందులో?"

అప్పటికి సాయంత్రమైంది కనుక, అతను తాను కొట్టిన పట్టికలో తన గడి ప్రకారమే నడుచుకున్నాడు.