మేనేజర్ మాటే వేరు

ఆ రోజు ఉమామహేశ్వర్ చెయ్యవలసిన పని ఒక్కటే. నాచారంలోని బకెట్ల ఫ్యాక్టరీలో యజమాని తనను మేనేజర్‌గా ప్రకటించగానే లేచి, దండం పెట్టి, మళ్ళీ కూర్చోవాలి. సూపర్‌వైజర్‌గా తల నెరిసిపోయాక దక్కబోతున్న పదవి అది. భార్య నీరజ రామంతాపూర్‌లో తమ వీధి వీధంతటికీ ముందే చెప్పేసింది కాబట్టి, అది రాకపోతే ఇల్లు మారాలి.

"రెండు ముక్కలు చెప్పి కూర్చోండి. మీ పాండిత్యం అక్కడ చూపించకండి," అంది నీరజ టిఫిన్ డబ్బా అందిస్తూ.

ఆవిడ మాట వింటే ఆయన భర్త ఎందుకవుతాడు? దారిలోనే సెల్‌ఫోన్ తీసి, మేనేజర్ అన్న మాట పుట్టుపూర్వోత్తరాలు వెతికాడు. ఇటలీ వాళ్ళ మాటలోంచి వచ్చిందట. గుర్రాలను చేత్తో లొంగదీసి నడిపించడమట. ఇంత గొప్ప సంగతి కడుపులో దాచుకుంటే అజీర్తి చేస్తుందనిపించింది.

యజమాని పరంధామయ్య కారు క్రికెట్ మ్యాచ్ పుణ్యమా అని ఉప్పల్ చౌరస్తాలో ఇరుక్కుంది. ఆయన వచ్చేదాకా ఆగడం పండితుడి వల్ల కాలేదు. పనివాళ్ళందర్నీ షెడ్డులో నిలబెట్టి, "మేనేజర్ అంటే ఎవరనుకున్నారు? గుర్రాలను చేత్తో దారికి తెచ్చేవాడు," అన్నాడు.

చప్పట్లు రాలేదు. మిషన్ మీద పనిచేసే కనకరాజు మెల్లగా అడిగాడు.

"అంటే మేం గుర్రాలమా సార్?"

"గుర్రమంటే గౌరవమయ్యా. గాడిదలనలేదు కదా."

వెనక వరసకు ఆ చివరి మాటలో సగమే వినబడింది. ప్యాకింగ్‌లో ఉండే శ్యామలమ్మ దాన్ని, "మనల్ని గాడిదలన్నడు," అని పూర్తిచేసింది. మిషన్లు ఆగిపోయాయి. గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ తిరుపతి కర్తవ్యం మరవని మనిషి. చెవిన పడింది పడ్డట్టు యజమానికి ఫోన్ చేశాడు.

"సార్, షెడ్డుల గుర్రాలు, గాడిదలని మస్తు లొల్లి అయితుంది. ఉమామహేశ్వర్ సార్ ఒక్కడే దారికి తెస్తుండట."

పరంధామయ్య రొప్పుతూ వచ్చి చూస్తే షెడ్డులో నాలుగుకాళ్ళ జీవి ఒక్కటీ లేదు. సాయంత్రం లారీ ఎక్కాల్సిన బకెట్లు కూడా లేవు. ఉమామహేశ్వర్‌కు చేతికందిన పదవి నోటి దురదకు పోయేలా ఉంది. ఇటలీ నుంచి మొదలుపెట్టి అంతా విన్నవించుకున్నాడు.

"వాళ్ళు గుర్రాలు, నువ్వు నడిపెటోనివి. మరి నేనెవర్ని?" అన్నాడు పరంధామయ్య.

"తమరు పైనెక్కి కూర్చునేవారు సార్."

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. కోపం ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. కనకరాజు ముందుకొచ్చాడు.

"సార్ జెప్పింది నిజమే. గుర్రాలమే అనుకోన్రి. మరి గుర్రాలకు గుగ్గిళ్ళు పెడ్తరు గద. మాకు పొద్దుమీకి ఏమన్న పెడ్తమంటే మిషన్లు ఇప్పుడే నడుస్తయి."

పరంధామయ్య బయట ఖాళీగా నిలబడ్డ లారీ వంక చూశాడు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు," అని గొణిగి, ఒప్పుకున్నాడు. మిషన్లు కదిలాయి.

పరంధామయ్య పనివాళ్ళతో, "మీరే గింత సక్కగ మాట్లాడుతుంటే నడుమ నడిపెటోడెందుకు? ఆ పని నేనే సూస్కుంట," అని, ఉమామహేశ్వర్ వైపు తిరిగాడు. "ఫికర్ జెయ్యకు. పేరుకు మేనేజర్ నువ్వే. గుర్రాల సంగతి నీకే ఎరుక గాబట్టి, గుగ్గిళ్ళ పని గూడ నీదే."

ఇప్పుడు రోజూ సాయంత్రం ఉమామహేశ్వర్ గిన్నె పట్టుకుని మిషన్ల వెంట నడుస్తాడు.

"సార్, జర ఉప్పు తక్కువైంది," అంటాడు కనకరాజు చెయ్యి చాపి.

మాట మూలార్థానికి ఇంత నిష్ఠగా కట్టుబడ్డ మేనేజర్ నాచారం మొత్తంలో ఆయనొక్కడే.