లెన్సు ఎంపిక ఉపసంఘం

ఆదిలాబాదు జిల్లా సన్నరాయిపల్లెలో తాగేనీటి బావి ఎక్కడ తవ్వాలన్న సమస్యను కెమెరా లెన్సు ద్వారా పరిష్కరించాలని మా పంచాయతీ సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. బావి మంజూరు చేసే పెద్దలు హైదరాబాదులో ఉంటారు. వారు స్వయంగా వచ్చి స్థలం చూడాలి. వారు రావాలంటే జీపు రావాలి, జీపు రావాలంటే రోడ్డు కావాలి, రోడ్డు వేయాలంటే కంకర తడపడానికి నీళ్లు కావాలి. కాబట్టి ఊరే హైదరాబాదుకు పోవడం మేలని తేలింది. ప్రకృతి దృశ్యం చక్కగా కనిపించేలా ఒక పెద్ద ఫొటో తీసి పంపితే, అందులో అవసరం కనిపించిన చోట ఒక బావి ఇస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

ఫొటో తీయడానికి మందమర్రి నుంచి అంబదాస్‌ను పిలిపించారు. బొగ్గుగనుల కార్మికులకు గుర్తింపు ఫొటోలు తీయడంలో అతనిది అందెవేసిన చెయ్యి. ఏళ్ల తరబడి ముఖాలు తప్ప మరేమీ చూడని మనిషి, మా గుట్టను చూడగానే అలవాటు కొద్దీ "జర గడ్డం మీదికి లేపు" అనబోయి ఆగాడు. అతని వెంట మూడు కాళ్ల స్టాండు, పెట్టె కెమెరా, నల్లగుడ్డ, రెండు లెన్సులు వచ్చాయి. పొట్టి లెన్సు పెడితే కనుచూపు మేర అంతా ఫొటోలో పడుతుంది గాని ప్రతిదీ చిన్నగా ఉంటుంది. పొడుగు లెన్సు పెడితే కొంచెమే పడుతుంది గాని దూరాన ఉన్నది దగ్గరికి వస్తుంది.

ఈ సంగతి విన్న సమితి అధ్యక్షులు బాపురావు దొరవారికి ప్రకృతి సౌందర్యం మీద ఉన్నట్టుండి మక్కువ కలిగింది. ఊరి ముందరి బండ ఎక్కి చూస్తే ఎత్తున దొరవారి గడీ, దాని వెనుక దొరవారి మామిడితోట, తోట వెనుక గుట్ట కనిపిస్తాయి. దిగువన ఒక పక్కగా రాళ్లవాడ ఉంటుంది. రాళ్లవాడ ఆడవాళ్లు కుండలెత్తుకుని తోట చుట్టూ తిరిగి, గుట్టెక్కి దిగి, అవతలి వాగు నుంచి నీళ్లు తెచ్చుకుంటారు. పొట్టి లెన్సుతో తీస్తే రాళ్లవాడ ఫొటోలో ఉంటుంది, బావి వాళ్లకు వస్తుంది. పొడుగు లెన్సుతో తీస్తే గడీ, తోట, గుట్ట మాత్రమే ఉంటాయి. అప్పుడు బావి ఎవరికి వస్తుందో తెలివైన పాఠకులకు చెప్పనక్కరలేదు.

వెంటనే లెన్సు ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. బాపురావు గారు అధ్యక్షులు. బి.డి.ఓ. గారు కార్యదర్శి. ఎడ్ల బేరగాడు లచ్చయ్య ప్రజల ప్రతినిధి. రాళ్లవాడ నుంచి ఎవరినీ తీసుకోలేదు, ఎందుకంటే వాళ్లు ఫొటోలో ఉంటారో లేదో అప్పటికింకా తేలలేదు.

మొదటి చిక్కు నల్లగుడ్డ దగ్గర వచ్చింది. అంబదాస్ దాన్ని తల మీద కప్పుకోగానే లచ్చయ్య లేచి అభ్యంతరం తెలిపాడు. మా అంగడిలో ఎడ్ల బేరమంతా గుడ్డ కిందనే సాగుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుంటారు, ధర ఎంతో పక్కనున్న వాడికి కూడా తెలియదు. గుడ్డ కప్పుకున్న మనిషి బేరం చేయకుండా ఊరికే ఉండడం లచ్చయ్య తన జన్మలో చూడలేదు.

"గుడ్డ కింద పనేంది నీకు? రాళ్లవాడోళ్లతోని బేరం కుదుర్చుకుంటున్నవా?" అని నిలదీశాడు.

"గుడ్డ కప్పుకోకుంటే బొమ్మ కండ్లవడదే," అన్నాడు అంబదాస్.

బొమ్మ కనిపించడానికి కళ్లు మూసుకోవాలనే ఈ వాదాన్ని ఉపసంఘం నమ్మలేదు. ఇకమీదట గుడ్డ కింద ఇద్దరు సభ్యులు ఎల్లవేళలా కాపలా ఉండాలని నిర్ణయించింది.

కాపలాకు మొదట దూరినవారు బాపురావు గారు. దూరినంత వేగంగానే బయటికి వచ్చారు. పెట్టె వెనుక గాజు మీద ఆయన గడీ తలకిందులుగా ఉంది. అసలే పోలీసు చర్య నాటి నుంచి గడీల గురించి రకరకాల మాటలు వినబడుతున్న కాలం. పైగా అప్పుడు పొట్టి లెన్సు పెట్టి ఉండడం వల్ల, దిగువన ఉండవలసిన రాళ్లవాడ గడీ నెత్తిన కూర్చుంది.

"గిదేం లెన్సుర? సీద జూపెట్టేది లేదా?" అని గర్జించారు.

"అన్ని లెన్సులు గిట్లనే జూపెడ్తయి దొరా. ఫికర్ చెయ్యకుండ్రి, కాయితం మీద సీదనే వస్తది."

పొడుగు లెన్సు బిగించి చూపించాడు. గడీ ఇందులోనూ తలకిందులే, కాని నెత్తిన ఎవరూ లేరు. దొరవారి ముఖం తేటపడింది. బి.డి.ఓ. గారు ఆ క్షణాన్ని వృథా కానివ్వకుండా ఉపన్యసించారు.

"సోదరులారా, ప్రకృతి సౌందర్యమునకు విస్తీర్ణము ముఖ్యము కాదు, ఏకాగ్రత ముఖ్యము. అన్నిటినీ చూచువాడు దేనినీ చూడలేడు. కావున పొడుగు లెన్సు ప్రజాస్వామ్య లెన్సు అని ఈ ఉపసంఘము భావించుచున్నది."

చప్పట్లు మోగుతుండగా రాళ్లవాడ లింగవ్వ చంకలో కుండతో అటుగా వచ్చింది. బావి కోసం సమితి చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆమే. అసలు చెప్పులు లేవు గనుక పాదాలే అరిగాయి.

"మా వాడ పడ్తదా దొరా గా ఫొటోల?"

"జాగ లేదు లింగవ్వ. గడీకే సాల్తలేదు."

ఆమె అంబదాస్ వైపు తిరిగింది. "మరేం పడ్తది కొడ్కా?"

"గడీ, తోట, గుట్ట."

"గుట్ట మీద మనిషుంటే?"

"మనిషి సుత పడ్తడు."

లింగవ్వ వాడలోకి పోయి ఆడవాళ్లను పిలుచుకుంది. ఊరు ఫొటోలో పట్టకపోతే తామే పోయి నిలబడితే సరి అనుకుంది పాపం.

అంబదాస్ కెమెరాలో ఫొటో పలక దూర్చాడు. పలక దూర్చాక గాజు మూసుకుపోతుంది, గుడ్డ కింద చీకటి తప్ప ఏమీ కనిపించదు. అయినా తీర్మానం తీర్మానమే గనుక బాపురావు గారూ లచ్చయ్యా గుడ్డ కిందికి దూరి కాపలా కొనసాగించారు. బి.డి.ఓ. గారు పక్కన నిలబడి మరో ఉపన్యాసానికి మాటలు వెతుక్కుంటున్నారు. సరిగ్గా అప్పుడే గుట్ట వాలున, నెత్తిన కుండలతో, రాళ్లవాడ ఆడవాళ్లు వరుసగా బయలుదేరారు. మనుషులు లేని ఫొటో ఎన్నడూ తీయని అంబదాస్ ప్రాణం కుదుటపడింది. లెన్సు మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

ఫొటో మందమర్రిలో తయారై తిన్నగా హైదరాబాదు చేరింది. పొడుగు లెన్సు తన ధర్మం తాను నిర్వర్తించింది. దూరాన ఉన్న గుట్టను దగ్గరికి లాక్కొచ్చి, ఆడవాళ్లందరూ గడీ కప్పు మీద నడిచిపోతున్నట్టు చూపించింది. చూసిన పెద్దలు మురిసిపోయారు. ఆ ఏటి ప్రకృతి దృశ్యాల పోటీలో అదే మొదటిదని తేల్చారు, కేలండరుగా అచ్చు వేయించారు. బావి విషయంలో కూడా ఆలస్యం చేయలేదు. దృశ్యానికి ప్రాణం ఆ కుండల వరుసే అయినందునా, సన్నరాయిపల్లెలో ఎక్కడ బావి తవ్వినా ఆ వరుస చెదిరిపోయే ప్రమాదం ఉన్నందునా, సౌందర్య పరిరక్షణార్థం బావి ప్రతిపాదనను రద్దు చేశారు. గడీకీ రాళ్లవాడకూ మధ్య సమానత్వం సాధించిన మొట్టమొదటి ప్రభుత్వ ఉత్తర్వు ఇదే.

ఘనంగా సన్మానం జరిగింది. లింగవ్వకు శాలువా కప్పి, కేలండరు చేతికిచ్చి, "అమ్మా, మీ నడకలోనే ఈ జిల్లా అందమున్నది, దానిని ఎన్నడూ మానవద్దు" అని బి.డి.ఓ. గారు చేతులు జోడించారు.

లింగవ్వ బొమ్మను తేరిపార చూసింది. తనను గుర్తుపట్టింది, వెనుక వస్తున్న యాదవ్వను గుర్తుపట్టింది.

"మంచిగనే వడ్డం సారు," అంది. "గని గవి ఒట్టి కుండలు. పోయేటప్పుడు దీసిండ్రు."

ఆ మాటకు నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. వేదిక మీద ఉన్న గ్లాసెడు మంచినీళ్లు తాగాక సర్దుకుంది.

ఆ కేలండరు ఇప్పుడు మా ఇంట్లో మంచినీళ్ల బిందె పైన గోడకు వేలాడుతోంది. ఏడాది ఎప్పుడో అయిపోయింది, తేదీలు చింపేసి బొమ్మ మాత్రం ఉంచుకున్నాం. వచ్చినవాళ్లంతా చల్లగా నీళ్లు తాగుతూ దాన్ని చూసి ఎంత బాగుందో అంటారు. మొన్న మీరూ అన్నారు.