కట్ లేని ఈగలు

ఐటీలో ప్రపంచానికి దారి చూపించిన మన రాష్ట్రం ఇకమీదట ఈగల్లోనూ దారి చూపించబోతున్నదని శాస్త్ర సాంకేతిక శాఖామాత్యులు సుబ్బరామయ్యగారు ఫిల్మ్‌నగర్‌లోని స్వగృహంలో విలేకరులను పిలిచి ప్రకటించారు. ఈగల సాయంతో క్యాన్సర్ అంతు తేలుస్తామన్నారు. గడువు కూడా అక్కడికక్కడే ఇచ్చేశారు, వచ్చే బడ్జెట్ సమావేశాలని. దేశంలో ఏ మంత్రీ వ్యాధికి ఇంత స్పష్టంగా గడువు పెట్టిన దాఖలా లేదు. ఈగలన్నిటినీ ఆన్‌లైన్ చేస్తారా అని ఒక విలేకరి అడిగితే, దశలవారీగా అని జవాబిచ్చారు.

ఆ ఈగల సొంతదారు డాక్టర్ శారదాదేవి వెనక వరసలో, ఒళ్లో గాజుసీసా పెట్టుకుని కూర్చుని ఉంది. సీసా మూతికి దూది, అడుగున బెల్లం, మొక్కజొన్నపిండి కలిపి వండిన జావ, మధ్యలో నువ్వుగింజంత ఈగలు. అరటిపండు మగ్గితే వచ్చి ముసిరే పండు ఈగలే అవి. కాకపోతే వీటి కన్ను ఉబ్బి తలమీదికి పొర్లి ఉంటుంది. అలాంటి ఈగ ఒక్కదాన్ని పుట్టించడానికి ఆమెకు ఏడేళ్లు పట్టింది. ఫ్రిజ్‌లో దాచిపెట్టుకునే సరుకు కాదది. పిల్లలు పెట్టించి, ఆ పిల్లల్ని కొత్త జావలోకి మార్చి, తరం తర్వాత తరం బతికించుకుంటూ రావాలి. ఒక్క తరం పోయిందంటే ఏడేళ్లూ పోయినట్టే.

విలేకరులు వెళ్లాక మంత్రిగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతకీ ఈగకు క్యాన్సర్ వస్తే మనకేమిటి నష్టమని అడిగారు. మన ఒంట్లో కణాలను పెరగమని చెప్పే జన్యువులు కొన్ని, ఇక చాలు ఆగమని చెప్పేవి కొన్ని ఉంటాయని ఆమె చెప్పింది. ఆగమనేది చెడిపోతే కణాలు పెరుగుతూనే పోతాయి, అలా మొదలయ్యేదే క్యాన్సర్. ఇలాంటి జన్యువులు మనిషిలోనూ ఉన్నాయి, ఈగలోనూ ఉన్నాయి. మనిషిలో చెడగొట్టి చూడలేం కాబట్టి ఈగలో చెడగొట్టి చూస్తాం, వీటి కన్ను ఉబ్బింది అందుకేనంది.

రాజకీయాల్లోకి రాకముందు సుబ్బరామయ్యగారు సినిమాలు తీసేవారు. కాసేపు ఆలోచించి, "అంటే డైరెక్టరు యాక్షన్ అని, కట్ చెప్పకుండా ఇంటికెళ్లిపోయాడన్నమాట. రీలు తిరుగుతూనే ఉంటుంది" అన్నారు.

శారదాదేవి ఉలిక్కిపడింది. ఇన్నేళ్లలో విద్యార్థులకు ఇంత తేలిగ్గా ఆమె కూడా చెప్పలేకపోయింది. ఆ సంతోషంలోనే సీసా ఆయనకు ఇచ్చేసింది. మంత్రిగారు దాన్ని హాల్లో టీవీ పక్కన, సినిమా షీల్డుల మధ్య పెట్టించుకున్నారు.

జూబ్లీహిల్స్‌లో ఆమె ల్యాబు ఒకప్పుడు డబ్బింగ్ థియేటరు. అద్దె తక్కువని తీసుకుంది. దాన్ని జాతికి అంకితం చెయ్యడానికి మంత్రిగారు ముహూర్తం పెట్టించారు. ఏర్పాట్లు పీఏ బసవపున్నయ్య చూసుకున్నాడు. ఆయన సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా ఉండి, ఆయనతోపాటే ప్రజాసేవలోకి వచ్చినవాడు. ఏనుగు కావాలంటే ఏనుగు, వాన కావాలంటే వాన తెచ్చి నిలబెట్టిన ఘనుడు. షామియానా వేయించాడు, రోడ్డుకు సున్నం గీయించాడు, దిష్టికి గుమ్మడికాయ తెప్పించాడు. వీఐపీ వస్తున్నాడంటే మున్సిపాలిటీ చేసే మర్యాద ఒకటుంది కదా, అదీ మరిచిపోలేదు. ముందురోజు సాయంత్రం, ల్యాబు తలుపులు తెరిపించి మరీ, దోమలూ ఈగలూ చచ్చేలా లోపలా బయటా పొగ కొట్టించాడు.

పొద్దున శారదాదేవి వచ్చేసరికి ప్రతి సీసాలోనూ ఈగలు జావమీద వెల్లకిలా పడి ఉన్నాయి. సీసా తర్వాత సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు. ఆ స్టూలుమీదే కూర్చుని ఏడ్చింది. ఈగల కోసం ఏడిస్తే లోకం నవ్వుతుందని తెలుసు, అయినా ఏడ్చింది.

బసవపున్నయ్య వచ్చి సంగతి తెలుసుకుని చాలా నొచ్చుకున్నాడు. అయితే కంగారు పడలేదు. "ఊరుకోండి మేడమ్. మా కంపెనీలో షూటింగు మధ్యలో పులి పోతే కుక్కకు చారలేసి క్లైమాక్స్ లాగించాం. హండ్రెడ్ డేస్ ఆడింది" అన్నాడు. యూసుఫ్‌గూడ పళ్లబండి దగ్గరికి మనిషిని పంపి, కుళ్లిన అరటిపళ్లతో సహా డూప్ ఈగలను రప్పించాడు.

మంత్రిగారు మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశారు. ఫొటోలు అయ్యేదాకా చూశారు. చూసి, క్యాన్సర్ భయపడుతున్నట్టు కనిపిస్తోందన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన చూసినంతసేపూ మైక్రోస్కోపు లైటు వెయ్యలేదని శారదాదేవి ఒక్కదానికే తెలుసు. ఆమె ధ్యాసంతా వేరేచోట ఉంది. టీవీ పక్కన షీల్డుల మధ్య ఉన్న సీసా గుర్తొచ్చింది. లోకంలో ఆ ఈగలు మిగిలి ఉంటే అక్కడే మిగిలి ఉండాలి.

సభ ముగియగానే బసవపున్నయ్యను పట్టుకుని అడిగింది. అతను మొహమాటపడుతూ చెప్పాడు. మొన్న ఎవరో కాంట్రాక్టరు వస్తే, సరిగ్గా కనబడాలని మంత్రిగారు దూది తీసి చూపించారట. ఈగలన్నీ ఎగిరిపోయి, హాల్లో జనం తెచ్చి పడేసిన పళ్లబుట్టల మీద కాపురం పెట్టాయట. అమ్మగారు చికాకు పడుతున్నారట.

"మీరేం దిగులుపడకండి మేడమ్. రేపు పొద్దున్నే ఇంటికి కూడా మున్సిపాలిటీ పొగబండి చెప్పాను" అని అభయమిచ్చాడు.

మర్నాడు శారదాదేవి సంచినిండా ఖాళీ సీసాలతో తెల్లవారగానే ఫిల్మ్‌నగర్ చేరింది. మంత్రిగారి ఇంటిముందు ఇసకేస్తే రాలని జనం. ఆ రోజే మంత్రివర్గం మారుతుందనీ, సుబ్బరామయ్యగారికి పరిశ్రమల శాఖ ఖాయమనీ వదంతి. దండలు, శాలువాలు, పళ్లబుట్టలు వీధిదాకా బారులు తీరాయి. గేటు బయటినుంచే, తెరిచిన కిటికీలోంచి చూస్తే హాల్లో దానిమ్మల మీద సన్నని మబ్బులాంటిది లేచి వాలుతోంది. అవి తన ఈగలే. గన్‌మన్ ఆమెను గేటు దాటనివ్వలేదు. అపాయింట్‌మెంట్ ఎవరితో అని అడిగాడు. ఈగలతో అని చెప్పలేకపోయింది.

ఇంతలో పొగబండి వచ్చింది. డ్రైవరు ఓదెలు గొట్టం సర్దుకుంటుంటే ఆమె బండికి అడ్డంగా నిలబడింది.

"జర పక్కకు జరుగమ్మా" అన్నాడు ఓదెలు మర్యాదగానే.

ఈగలను కాపాడాలి, ఒక్క గంట ఆగమని ఆమె బతిమాలింది. క్యాన్సర్ గురించి చెప్పింది, ఏడేళ్ల గురించి చెప్పింది. ఓదెలు ఓపిగ్గా అంతా విన్నాడు.

"గదంత నాకెర్క లేదమ్మా. మంత్రి ఇంట్ల ఈగ ఉండొద్దని ఆర్డర్. నువ్వు జరగకుంటే నా నౌకరి పోతది" అన్నాడు.

ఆమె జరగలేదు. బతుకులో ఎన్నడూ ఎవరికీ ఎదురు నిలవని మనిషి బండి బానెట్టును రెండు చేతులా పట్టుకుంది. ఓదెలు ఇంజను స్టార్ట్ చేశాడు.

అప్పుడే వరండాలో బసవపున్నయ్య సెల్‌ఫోన్ మోగింది. విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కనున్నవాడి చెవిలో ఏదో అన్నాడు. ఆ మాట గేటుదాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు. సుబ్బరామయ్యగారు అవుట్, బాలనర్సయ్యగారు ఇన్.

ఆ జనం క్రమశిక్షణ చూసి తీరాలి. తోపులాట లేదు, కేక లేదు. దండలు తెచ్చినవారు దండలతో, శాలువాలు తెచ్చినవారు శాలువాలతో వెనుదిరిగారు. హాల్లోంచి పళ్లబుట్టలు కూడా తీసుకుపోదామని కొందరు వెళ్లారు గానీ, ఈగలు ముసిరినవి కొత్త మంత్రికి ఏం ఇస్తామని వదిలేశారు. ఓదెలు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి బండి రివర్సు చేశాడు. "గిప్పుడు బాలనర్సయ్య సార్ ఇంటికి పోవాలెనట. నీ ఈగలు బతికినయి పో అమ్మా" అన్నాడు. సుబ్బరామయ్యగారితో తన అనుబంధం జన్మజన్మలదని కళ్లు తుడుచుకుంటూ బసవపున్నయ్య పొగబండి ఎక్కి ఓదెలు పక్కన కూర్చున్నాడు.

గన్‌మన్ కూడా వెళ్లిపోయాక శారదాదేవి లోపలికి నడిచింది. పనిలేనివాణ్ణి ఈగలు తోలుకుంటున్నాడంటారు. సుబ్బరామయ్యగారికి ఆ పని కూడా మిగల్లేదు, తోలొద్దని ఆమె చెప్పింది. ఆయన సోఫాలో కూర్చుని, ఆమె దానిమ్మల మీంచి ఈగలను సీసాల్లోకి ఎక్కించడం చూస్తూ ఉండిపోయారు.

"నాకు కట్ చెప్పేశారమ్మా" అన్నారు చివరికి.

ఆమెకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది. భూతద్దం చేతికిచ్చి ఒక సీసా చూపించింది. ఉబ్బిన కన్ను చూసి ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. పాపం, దీనికెవరూ కట్ చెప్పలేదు కదా అన్నారు.

ఆ ఈగలు ల్యాబులో మళ్లీ పిల్లలు పెట్టాయి, అరలన్నీ నిండాయి. శారదాదేవి కంటినిండా నిద్రపోవడం మొదలుపెట్టింది. అలా ఉండగా ఒక మధ్యాహ్నం బసవపున్నయ్య ఫోన్ చేశాడు. ఇప్పుడు బాలనర్సయ్యగారి పీఏ.

"శుభవార్త మేడమ్. మంత్రిగారు బాధ్యతలు తీసుకున్నాక మొదటి ప్రోగ్రాం మీ ల్యాబే. ఎల్లుండి వస్తున్నారు. మీరేం చెయ్యక్కర్లేదు, ఏర్పాట్లన్నీ రేపే పూర్తి చేయిస్తాను" అన్నాడు.

ఆమె చాలా సంతోషమండీ అని ఫోన్ పెట్టేసింది. సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది, ఆటో పిలిచి ఫిల్మ్‌నగర్ వెళ్లింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. వాకిలంతా ఎండుటాకులు. సుబ్బరామయ్యగారే వచ్చి తలుపు తీశారు. పెట్టెలు చూసి, మనిషి వచ్చినందుకు ముందు మురిసిపోయి, తర్వాత తటపటాయించారు.

"ఈ ఇంటికి ఇప్పుడు ఎవరూ రావట్లేదమ్మా" అన్నారు.

"తెలుసండీ. అందుకే తెచ్చాను" అంది శారదాదేవి.

ఆయన పెట్టెలు అందుకుని లోపలికి నడిచారు. టీవీ పక్కన షీల్డులన్నీ తీసి కిందపెట్టి, సీసాలకు చోటు చేశారు.