చిరాకు పేగుల చలవ

ప్రతి ఇంట్లోనూ కడుపునొప్పి ఉన్న పిల్ల ఒకతె ఉండి తీరాలని నా అభిప్రాయం. లేనివాళ్లు దురదృష్టవంతులు. నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంట్లో గువ్వ అంటాం. ఆర్నెల్లుగా పొద్దున్నే పొట్ట పట్టుకుని మెలికలు తిరిగేది. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, "భయపడాల్సిందేం లేదండీ. పేగులు బాగానే ఉన్నాయి, కాకపోతే వాటికి కాస్త చిరాకు ఎక్కువ" అన్నారు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని దానికి పెద్ద పేరు కూడా ఉంది. అప్పటిదాకా మా ఇంట్లో చిరాకు పడే హక్కు మా అత్తగారొక్కరికే ఉండేది.

డాక్టరు మమ్మల్ని డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పింది చిన్న మాటే. కడుపులో గ్యాస్ పుట్టించే పదార్థాలు కొన్ని నాలుగు వారాలు ఆపాలి. పిల్ల ఏం తిన్నదీ, నొప్పి ఎప్పుడొచ్చిందీ ఒక పుస్తకంలో రాయాలి. తర్వాత ఆపినవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టి చూడాలి.

పుస్తకంలో రాయాలట! గ్రంథాలయంలో పద్దెనిమిదేళ్లుగా పుస్తకాలకు నంబర్లు వేస్తున్న మనిషితో అనాల్సిన మాటేనా ఇది? ఆ సాయంత్రమే మూడు వందల పేజీల నోట్‌బుక్కు కొని ఎర్ర గీతలు కొట్టాను. తేదీ, తిన్నది, తిన్న వేళ, నొప్పికి పదికి ఎన్ని మార్కులు, తదనంతర ఫలితం, సదరు ఫలితం ఆకారం. మా ఆవిడ చివరి గడి చూసి, "దీన్ని టేబుల్ మీద పెట్టకండి, అన్నం తినే చోటు" అంది.

ఉల్లిపాయ, వెల్లుల్లి, పాలు, ఆపిల్, గోధుమ రొట్టె డైటీషియన్ ఆపించినవి. అంతటితో ఆగితే మనకు బంధువులెందుకు? మా బావమరిది ఫోన్‌లోనే గుడ్లు రద్దు చేశాడు. మా అత్తగారు బంగాళాదుంప మీద అనుమానం వ్యక్తం చేశారు. మూడో అంతస్తు పిన్నిగారు లోపమంతా రంగులోనే ఉందని తేల్చడంతో క్యారెట్టూ టమాటా ఒకే రోజు వెళ్లిపోయాయి. ఎవరి మాటా తీసెయ్యడం నా స్వభావం కాదు. చివరికి గువ్వ పళ్లెంలో మిగిలినవి మూడు: అన్నం, దోసకాయ ముక్కలు, నా పర్యవేక్షణ.

లాభాలు ఏమని చెప్పను? ఆదివారాలు సూపర్‌మార్కెట్‌లో హాయిగా గడిచిపోయేవి. ఒక్క సూప్ ప్యాకెట్ వెనక ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదవడానికి నాకు పావుగంట పట్టేది, వెనక ట్రాలీలు బారులు తీరేవి. ఒకసారి "వెల్లుల్లి పొడి" అని నేను అరిచిన అరుపుకి సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు.

భోజనానికి పిలిచే బంధువుల బెడద కూడా వదిలింది. మా పెదనాన్నగారు ఒక్కరే ధైర్యం చేశారు. తినకూడని వాటి జాబితా నాలుగు పేజీలు పంపాను. వెంటనే ఫోన్ చేసి, "ఒరేయ్, పిల్ల మంచినీళ్లయినా తాగుతుందా?" అని అడిగారు.

"గోరువెచ్చగా ఉంటే తాగుతుంది పెదనాన్నా" అన్నాను.

పిల్ల ముందు మనం మాత్రం ఏం తింటాం? ఇంటిల్లిపాదికీ అదే వంట. మా అత్తగారి గుండెమంట మాయమైంది. మా ఆవిడకి పాత జాకెట్లు పట్టాయి. నేను నాలుగు కిలోలు తగ్గాను. అందరికీ నయమైంది, గువ్వకు తప్ప.

పదకొండో వారంలో నోట్‌బుక్కు చంకన పెట్టుకుని, గువ్వను వెంటబెట్టుకుని డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పిల్లను బరువు యంత్రం ఎక్కించి ముఖం ముడుచుకుంది.

"కిలోన్నర తగ్గిందండీ. ఎదిగే పిల్ల. నాలుగు వారాలన్నాను కదా, తీసేసినవి వెనక్కి పెట్టడమే అసలు పని."

నేను నోట్‌బుక్కు తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ రెండు పేజీలు తిప్పి, పక్కకు జరిపి, గువ్వ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. నొప్పి ఎప్పుడొస్తుంది?"

గువ్వ నా ముఖం చూసింది. ఈ ప్రశ్న దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదని నాకప్పుడు తట్టింది.

"బడి ఉన్న రోజు" అంది మెల్లగా. "బాత్రూంకి వెళ్తానంటే టీచర్ ఒకటికా, రెండుకా అని అందరి ముందూ అడుగుతారు. రెండుకి అంటే అందరూ నవ్వుతారు. అందుకే ఆపుకుంటాను. పొద్దున అది గుర్తొస్తేనే నొప్పొస్తుంది."

నోట్‌బుక్కు నా వైపు లాక్కుని చూశాను. డెబ్బై ఏడు రోజులు. పక్కన క్యాలెండర్ పెట్టుకుని చూస్తే, ఆదివారాలన్నిటికీ నొప్పి సున్నా. ఆకారానికి గడి పెట్టినవాణ్ని, ఆ రోజు ఏ వారమో రాయడానికి పెట్టలేదు. తల ఎత్తి పిల్ల ముఖం చూడలేకపోయాను.

ఆ వారం నుంచే ఒక్కొక్కటీ వెనక్కి వచ్చాయి. ఆపిల్ వచ్చిన రోజు గువ్వ గింజల దాకా కొరికేసింది. ఆరు వారాల్లో తేలిన నేరస్థులు ఇద్దరే: పచ్చి ఉల్లిపాయ, పెద్ద గ్లాసుడు పాలు. మిగతావాళ్లంతా ఇన్నాళ్లూ అన్యాయంగా జైల్లో ఉన్నవాళ్లే.

నేరం ఒప్పుకోవాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు కదా? బడికి వెళ్లాను. టీచర్ నా మాట పూర్తిగా విని, "అలా అడగడం తప్పేనండీ. ఇకనుంచి చెయ్యెత్తితే పంపించేస్తాను" అంది.

నేను లేవబోతుంటే తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఏమనుకోకండి, నాకూ ఇదే బాధ. ఎనిమిదింటికి క్లాసులోకి వస్తే మూడింటి దాకా కదలడానికి లేదు. స్టాఫ్ టాయిలెట్‌కి ఎప్పుడూ తాళమే. పాప డైట్ లిస్టు నాకో కాపీ ఇస్తారా?"

తప్పకుండా ఇస్తానన్నాను. ముందు ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పమన్నాను.